తెర మీద మాయమైన మేనమామ ఓణీ

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేట వీధిలో ఇంటర్ పాసైన పిల్లలకు దారి ఒక్కటే, ఇంజనీరింగు. అందులోనూ కంప్యూటర్లు. మరో చదువు పేరెత్తితే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్నంత జాలిగా చూసేవాళ్ళు. అలాంటి వీధిలో పుట్టిన నేను యూనివర్సిటీలో మల్టీమీడియా డిజైన్ అండ్ టెక్నాలజీ చదువుతానని పట్టుబట్టి, రెండు పూటలు అన్నం మానేసి మరీ చేరాను. ఆ కోర్సు పేరు మా నాన్న నోటి నుంచి ఏనాడూ పూర్తిగా రాలేదు. నందిగామలో ఎరువుల కొట్టు నడిపే ఆయన, ఎవరడిగినా "మా పెద్దది బొమ్మల చదువు చదువుతుందండి" అని, వెంటనే యూరియా సంగతిలోకి వెళ్ళిపోయేవాడు. బంధువులకైతే నేను ఫ్లెక్సీలు వేయడం నేర్చుకుంటున్నానని గట్టి నమ్మకం. (వత్సవాయి నుంచి ఒక పెద్దాయన తన పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం ఫొటో పంపి, బట్టతల మీద జుట్టు మొలిపించమన్నాడు. మొలిపించాను. ఆయన ఇప్పటికీ నన్ను "డాక్టరమ్మా" అనే పిలుస్తాడు.)

ఆ చదువు తాలూకు తొలి ఫలం మా ఇంటికి చేదుగానే దక్కింది. నేను మొదటి సంవత్సరంలో ఉండగా మేం కొత్త ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశానికి తలుపులు వాటంతటవే తెరుచుకుని, పాలు పొంగి, లోపల్నుంచి మా అందరి పేర్లూ ఎగురుకుంటూ వచ్చే వీడియో ఆహ్వానం ఒకటి తయారుచేశాను. దాన్ని చూసుకుని మురిసిపోయి, ఎవరినీ అడక్కుండా నా ఫోనులో ఉన్న బంధువులందరికీ పంపేశాను. అందులో మా అమ్మ తమ్ముడు, చందర్లపాడులో పత్తీ మిరపా వేసే మా మేనమామ కూడా ఉన్నాడు. మా వైపు పుట్టింటివాళ్ళను శుభకార్యానికి ఇంటికెళ్ళి బొట్టు పెట్టి పిలవాలి. అమ్మా నాన్నా మర్నాడు ఆ పని మీదే బయల్దేరబోతున్నారు. ఈలోపే మామయ్య ఫోనులో మా ఇంటి తలుపులు తెరుచుకున్నాయి. "ఊళ్ళో వాళ్ళందరితో పాటు మాకూ ఓ బొమ్మ పడేశారా? అంతేలే" అని ఆయన. "పిల్ల తెలీక పంపితే అంత రాద్ధాంతమా?" అని నాన్న. మాటకు మాట పెరిగి, బావా బావమరుదుల మధ్య రెండేళ్ళు మాటల్లేకుండా పోయాయి. పంతం మగవాళ్ళది, ఏడుపు మా అమ్మది.

ఆ తర్వాత మా చెల్లికి ఓణీల ఫంక్షన్ చేయాల్సి వచ్చింది. ఓణీ అంటూ పెడితే మేనమామే పెట్టాలి. ఆయన ఉండగా ఇంకొకరి చేత పెట్టించడం అంటే బతికున్న మనిషిని లేడనడమే. మామయ్య దగ్గరే ఉండే మా అమ్మమ్మ రాయబారం నడిపింది. "మీ గొడవలు మీరు పడండ్రా. మధ్యలో పసిపిల్ల ఏం చేసింది?" అని కొడుకుని నిలదీసింది. ఆయన చివరికి ఒప్పుకుని ఒక షరతు పెట్టాడు. వస్తాడు, ఓణీ పెడతాడు, అక్షింతలు వేస్తాడు, వెళ్ళిపోతాడు. బావతో మాత్రం మాట్లాడడు. అటు చందర్లపాడుకీ ఇటు పేటకీ మధ్యలో ఉంటుందని నందిగామలో ఫంక్షన్ హాలు తీసుకున్నాం. అమ్మ దేవుడి గదిలో కోరుకున్నది ఒక్కటే, ఆ పూట వాళ్ళిద్దరూ ఒక్క మాటైనా మాట్లాడుకోవాలని. నేను పక్కనే ఉండి విన్నాను. వినడమే కాదు, ఈ ఫంక్షన్ ఎవరూ మరిచిపోలేనంత గొప్పగా జరిపించి నా పాత తప్పు దిద్దుకోవాలని నిశ్చయించుకున్నాను. (నా నిశ్చయాలంటే మా ఇంట్లో అందరికీ భయం. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.)

అప్పుడు నేను మూడో ఏడాది. మనిషి వెనక ఆకుపచ్చ గుడ్డ కట్టి కెమెరాతో తీస్తే, ఆ ఆకుపచ్చనంతా కంప్యూటరు తీసేసి అక్కడ మనకు కావలసిన దృశ్యం పెడుతుంది. సినిమాల్లో గాల్లో ఎగరడాలూ, కొండల మీద యుద్ధాలూ అన్నీ ఆ గుడ్డ పుణ్యమే. ఆ విద్య నాకు కొత్తగా వచ్చింది. కొత్తగా వచ్చిన విద్య చేతిలో ఉంటే ఊరికే ఉండనివ్వదు కదా. వేదిక మీద చెల్లి కుర్చీ వెనక ఆకుపచ్చ గుడ్డ కట్టి, హాలు చివర కూర్చున్నవాళ్ళకు కూడా కనిపించేలా పెట్టిన పెద్ద ఎల్‌ఈడీ తెర మీద అదే సమయంలో ఆమె రాజభవనంలో కూర్చున్నట్టు చూపిస్తానని ప్రకటించాను. నాన్న "ఏదో ఒకటి ఏడువు" అన్నాడు. మా ఇంట్లో దాన్ని అనుమతి అంటారు.

మనిషి ఒంటి మీద ఆకుపచ్చ ఉండకూడదని మా మేడం మొదటి క్లాసులోనే చెప్పారు. అది గుర్తుపెట్టుకుని నేను చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. చెల్లి చేతికున్న ఆకుపచ్చ గాజులు తీయించి ఎర్రవి వేయించాను. జడలో మరువం పీకేశాను. వేదిక మీది మామిడాకుల తోరణం విప్పించి హాలు గుమ్మానికి కట్టించాను. తాంబూలం పళ్ళెంలో తమలపాకులు కూడా కనపడకుండా అరటిపళ్ళ కింద దాచిపెట్టాను. "శుభమా అని పండగ చేసుకుంటుంటే పచ్చదనం లేకుండా చేస్తావేంటే?" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. "నీకు తెలీదమ్మా, ఇది టెక్నాలజీ" అన్నాను. ఇంత చేసినదాన్ని, మామయ్య తెచ్చే పట్టు లంగా ఓణీ ఏ రంగో మాత్రం కనుక్కోలేదు. అడగాలంటే రెండిళ్ళ మధ్య ఫోన్లు లేవాయె. అమ్మమ్మకు ఒకసారి చేస్తే "ముందే చెప్తే దిష్టి తగులుద్ది. ఆ పూట చూద్దువులే" అని పెట్టేసింది. పోనీలే, ఏ గులాబీ రంగో అయి ఉంటుందనుకున్నాను.

ఆ పూట మామయ్యవాళ్ళు సన్నాయి మేళంతో, పళ్ళేల్లో సారె పట్టుకుని నడిచొచ్చారు. అమ్మ ఎదురెళ్ళి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. మామయ్య అక్కతో నవ్వుతూ మాట్లాడాడు. పక్కనే ఉన్న నాన్నను మాత్రం హాలు స్తంభాన్ని దాటినట్టు దాటి వెళ్ళాడు. నాన్న కూడా పైకప్పులో ఫ్యాన్లు బాగా తిరుగుతున్నాయో లేదో చూసుకున్నాడు. ఎర్ర గుడ్డ కప్పిన పళ్ళెం అత్తయ్య చేతుల్లో గదిలోకి వెళ్ళింది. నేను లాప్‌టాప్ ముందు కూర్చుని రాజభవనం సిద్ధం చేసుకున్నాను. కాసేపటికి గది తలుపు తెరుచుకుంది. చెల్లి బయటికొచ్చింది. లంగా చిలకపచ్చ, ఓణీ చిలకపచ్చ, రవికె చిలకపచ్చ. సన్నటి ఎర్ర అంచు.

ఆగమని చెల్లికి చెయ్యి ఊపాను. బాగుందంటున్నాననుకుని నవ్వింది. చెల్లి వెళ్ళి కుర్చీలో కూర్చుంది, ఫొటోగ్రాఫర్ కెమెరా అటు తిప్పాడు. తెర మీద రాజభవనం మధ్యలో మా చెల్లి తలకాయ, పూలజడ, ఎర్రగాజుల చేతులు రెండు, వాటి మధ్య ఎటు నుంచి ఎటు పోతుందో తెలియని ఓ ఎర్ర అంచు. మిగతా పిల్ల లేదు. సన్నాయి ఆయన ఊపిరి మధ్యలో ఆగిపోయి, వాద్యం నుంచి వింత కూత ఒకటి వచ్చింది. "ఓరి నాయనో! పిల్లేదే? తలకాయొక్కటే ఉంది!" అని అమ్మమ్మ కేక పెట్టి పక్కావిడ మీద పడిపోయింది. చెల్లి ఏం జరిగిందోనని తల తిప్పి తెర చూసుకుంది. తెర మీది తల కూడా తిరిగి, తన ఒంటి కోసం వెతుక్కుని, బావురుమంది. నేను కంగారులో ఏదో నొక్కాను. రాజభవనం పోయి మంచుకొండలు వచ్చాయి. ఇంకోటి నొక్కాను. చంద్రమండలం వచ్చింది. మరోటి నొక్కితే సముద్రం అడుగు వచ్చి, ఏడుస్తున్న తలకాయ పక్కనుంచి చేపలు పోసాగాయి. ఆ తర్వాత ఏది నొక్కాలన్నా భయమేసింది.

అప్పుడు లేచాడు మామయ్య. ముఖం కందగడ్డలా ఉంది. తిన్నగా నాన్న ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బావా! నేను పెట్టిన ఓణీ జనానికి కనపడకూడదనేగా ఈ ఏర్పాటంతా? ఇష్టం లేకపోతే ముందే చెప్పొచ్చుగా. మేళంతో వచ్చి పరువు తీయించుకునేవాణ్ణి కాదుగా!"

అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రెండేళ్ళ తర్వాత ఆమె కోరుకున్న మాట రానే వచ్చింది, కానీ ఇలాంటి మాటొస్తుందని దేవుడు కూడా చెప్పలేదు. నాన్న తెర వైపు చెయ్యి చాచాడు.

"ఒరేయ్, నాకేం తెలుసురా! నా కూతురి తలకాయ నీళ్ళల్లో తేలుతుంటే నేను సంబరపడతన్నాననుకున్నావా? అదిగో, అదంతా ఆ బొమ్మల చదువు నిర్వాకం!"

అందరూ నావైపు తిరిగారు. నేను వేదిక దగ్గరికొచ్చి, "మామయ్యా, ఓణీ మీద కోపం కాదు. ఆకుపచ్చ ఏదైనా సరే ఆ తెర మీద కనపడదు. అదో పద్ధతి" అన్నాను.

"ఏదైనా?"

"ఏదైనా, మామయ్యా."

మామయ్య నమ్మలేదు. పురుగుమందు డబ్బా మీద రాసిందల్లా నమ్మితే ఆయన ఎప్పుడో పొలం అమ్ముకునేవాడు. గబగబా భోజనాల వైపు వెళ్ళి, కడిగి పెట్టిన అరిటాకు ఒకటి లాక్కొచ్చి, వేదికెక్కి దాన్ని ఛాతీకి అడ్డం పెట్టుకున్నాడు. తెర మీద ఆయన ఛాతీ ఉండాల్సిన చోట చేప ఒకటి ఈదుకుంటూ పోయింది. మామయ్య ఆకు పక్కకి తీశాడు. ఛాతీ వచ్చింది. మళ్ళీ పెట్టాడు. పోయింది. "ఓర్నీ!" అన్నాడు. తనను ఆపడానికి వెనకే వేదికెక్కిన నాన్న ముఖానికి ఆ ఆకు అడ్డం పెట్టాడు. నాన్న తల ఎగిరిపోయింది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నాన్నకు రోషం వచ్చి ఆకు లాక్కుని మామయ్య బొజ్జ మాయం చేశాడు. ఇక చూడండి, నలభై దాటిన ఇద్దరు పెద్దమనుషులు, పట్టుపంచెలు కట్టుకుని, ఒకే ఆకు కోసం పెనుగులాడుతూ ఒకళ్ళనొకళ్ళు చెరిపేసుకోవడం మొదలుపెట్టారు. జనం కుర్చీల్లోంచి లేచి నవ్వారు. ఏడుస్తున్న చెల్లి కూడా ముక్కు తుడుచుకుని నవ్వేసింది.

చివరికి ఆకు మామయ్యకే దక్కింది. దాన్ని తన ముఖానికి అడ్డం పెట్టుకుని వెనకనుంచి అడిగాడు.

"ఇప్పుడు కనపడతన్నానా బావా?"

నాన్న తెర వైపు చూడలేదు. ఆ ఆకు వైపే చూశాడు. నవ్వు తగ్గింది.

"రెండేళ్ళ నుంచీ కనపడలా. ఇక చాల్లేరా. ఆకు దించు."

ఆకు వెంటనే దిగలేదు. దిగేసరికి మామయ్య కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "నువ్వు మాత్రం ఒక్కసారన్నా మా గుమ్మం తొక్కావా?" అన్నాడు. నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. అమ్మ ఏడుస్తుందో నవ్వుతుందో నాకు ఆ రోజూ తెలియలేదు, ఆ తర్వాత అడిగినా ఆమె చెప్పలేదు. అక్షింతలు వేసి వెళ్ళిపోతానన్న మనిషి బంతిలో నాన్న పక్కనే కూర్చుని, రెండోసారి గోంగూర వేయించుకుని మరీ తిన్నాడు.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఒక స్టూడియోలో పనిచేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పని మనుషుల వెనక ఆకుపచ్చ తీసేయడమే. ఆ పూట ఒక్క మీట నొక్కితే ఆ మాయంతా ఆగిపోయేదని, చెల్లి చిలకపచ్చ ఓణీతో నిండుగా తెర మీదికొచ్చేదని మొదటి సంవత్సరం పిల్లలకు కూడా తెలుసు. నాకూ అప్పటికే తెలుసు, కంగారులో గుర్తురాలేదంతే. గుర్తొచ్చి ఉంటే ఫంక్షన్ ముచ్చటగా జరిగేది, అందరూ నా పనితనం మెచ్చుకునేవాళ్ళు, మామయ్య అన్నమాట ప్రకారం మా నాన్నతో పలకకుండా చందర్లపాడు వెళ్ళిపోయేవాడు. అన్నీ వచ్చనుకుని, ఏదీ చేతకాక, ఆ హాల్లో లాప్‌టాప్ ముందు బిక్కచచ్చిపోయిన ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. జాలేస్తుంది, ముద్దూ వస్తుంది. ఎక్కడైనా ఎదురైతే పక్కన కూర్చుని ధైర్యం చెబుతాను గానీ, ఏ మీట నొక్కాలో మాత్రం చచ్చినా చెప్పను.