వర్జిల్ మొహాలు చదివిన ఏడాది

వర్జిల్ స్టాంప్స్ మెస్కీట్ ఫ్లాట్ అనే ఊళ్లో షాపు పెట్టుకుని నలభై ఏళ్లుగా జుట్టు కత్తిరిస్తున్నాడు. కాబట్టి మనుషుల తలల గురించి తనకు తెలియనిది లేదని అతని నమ్మకం. తల పైభాగంతో మొదలుపెట్టి, మెల్లగా లోపలికి కూడా వెళ్లిపోయానని అనుకునేవాడు.

ఆ విద్య శనివారం మధ్యాహ్నాలు ఓడెల్ హాచర్ దాణా కొట్టు వెనక గదిలో, పోకర్ బల్ల దగ్గర బయటపడేది. "ఎదుటివాడి చేతిలో ఏం ముక్కలున్నాయో చూసేవాడు పసివాడు. వాడు అసలెందుకు ఆడుతున్నాడో చూడాలి," అని ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు. ఓడెల్ తన భార్య పోరు తప్పించుకోవడానికి ఆడతాడట, కాబట్టి గట్టిగా పందెం కాస్తే పారిపోతాడట. వేరుశనగ రైతు రాయిస్ టిడ్‌వెల్‌కి ఏటా వాన చేతిలో ఓడిపోయి, గెలుపంటేనే భయం పట్టుకుందట. ఓడెల్ చెవి తడుముకున్నాడంటే చేతిలో ఏమీ లేనట్టేనట. ఆ చెవిలోని వినికిడి మిషను అప్పుడప్పుడూ కూత పెడుతుందన్న సంగతికి ఈ సిద్ధాంతంలో చోటు దక్కలేదు.

సిద్ధాంతానికి రుజువు లేకపోలేదు. ఏడాదిగా వర్జిల్ గెలుస్తూనే ఉన్నాడు. అంతకుముందు ముప్పై ఏళ్లు ఓడిపోతూనే ఉన్నాడన్నది వేరే విషయం. భార్య ఎర్లీన్ పోయిన దుఃఖం తన చూపుకి పదును పెట్టిందని అతని వివరణ. అతను పందెం పెంచగానే మిగతా ఇద్దరూ ముక్కలు కింద పడేసేవాళ్లు. "మిమ్మల్ని చూస్తే జాలేస్తుందిరా," అంటూ పందెం బిళ్ళలు దగ్గరికి లాక్కునేవాడు.

ఇంత విద్య ఆ చిన్న ఊళ్లో మగ్గిపోవడం అన్యాయం కదా! లాస్ వేగాస్‌లో జరిగే పెద్ద పోటీకి వెళ్లాలని నిశ్చయించుకుని, ప్రవేశ రుసుము కోసం షాపు అమ్మకానికి పెట్టాడు. ఫోన్ కవర్లు అమ్ముకునే, లబ్బాక్ పట్నం ఆసామి సోమవారం వచ్చి సంతకాలు పెట్టించుకుంటానన్నాడు.

ఆ శనివారం వర్జిల్ ఈ శుభవార్త చెప్పగానే ఓడెల్ రాయిస్ వంక చూశాడు. రాయిస్ తన చేతిలోని శాండ్‌విచ్ వంక చూశాడు. అసూయ, అని వర్జిల్ వెంటనే చదివేశాడు.

నాలుగో కుర్చీలో ఆ రోజే మొదటిసారి కూర్చున్న పశువుల డాక్టరు మారిసోల్ ట్రెవిన్యో ఉంది. ఓడెల్ ఆవుకి కష్టమైన కాన్పు చేసినందుకు ఆమెను ఆటకి పిలిచారు. చదువుకున్న పిల్ల, పెద్దవాళ్ల మెప్పు కోసం ఆడుతుంది, ఎదురు తిరగదు. ఆమెనూ చదవడం అయిపోయింది.

వర్జిల్‌కి తొమ్మిదుల జత పడింది, అంతే. తన బిళ్ళలన్నీ ముందుకి తోశాడు. ఓడెల్ ముక్కలు పడేశాడు. రాయిస్ నిట్టూర్చి తనవీ పడేశాడు. మారిసోల్ మాత్రం తన బిళ్ళలు తోసింది.

"అమ్మాయ్, ఇంకోసారి ఆలోచించుకో. నీ మనసు నాకు తెలిసిపోతోంది."

"ఆలోచించానండీ. చూపించండి."

ఆమె దగ్గర మూడు ఏడులూ రెండు రాణులూ ఉన్నాయి.

"ఎందుకు కాశావు?" అన్నాడు వర్జిల్ తెల్లబోయి.

"ముక్కలు బాగున్నాయి కదండీ."

సిద్ధాంతంలో ఈ కారణానికి చోటే లేదు.

"అయ్యో డాక్టరమ్మా, రాయిస్ నీకు చెప్పలేదా? వర్జిల్ పందెం కాస్తే మనం..." అన్నాడు ఓడెల్. రాయిస్ బల్ల కింద ఒక తన్ను తన్నాడు. అది ఆలస్యమైంది, పైగా వర్జిల్‌కి తగిలింది.

అప్పుడు వర్జిల్ ఆ గదిలో ఎవరూ చెయ్యని పని చేశాడు. పడేసిన ముక్కల్ని తిప్పి చూడటమంటే అక్కడ ఎదుటివాడి జేబులో చెయ్యి పెట్టినట్టే. వర్జిల్ ఓడెల్ ముక్కలు తిప్పాడు. మూడు రాజులు. రాయిస్‌వి తిప్పాడు. అయిదూ ఆఠీన్లే, మూడు రాజుల కన్నా పెద్ద చెయ్యి.

"నా తొమ్మిదులకి మూడు రాజుల్ని పారేశావురా?"

"నీ దగ్గర తొమ్మిదులున్నాయని నాకేం తెలుసు?"

"ఎన్నాళ్లుగా సాగుతోందిది?"

ఓడెల్ బల్ల వంక చూస్తూ చెప్పాడు. "ఎర్లీన్ పోయాక నువ్వు నోరు విప్పలేదు కదరా. కత్తెర పట్టుకుని అద్దంలోకి చూస్తూ నిలబడిపోయేవాడివి. ఒక శనివారం పొరపాటున గెలిచి నవ్వావు. ఇంకో వారం నవ్వనిద్దాం అనుకున్నాం. షాపు అమ్మేదాకా పోతావని ఎవడనుకున్నాడు? ఇవాళ రాయిస్ చెబుతాడనుకున్నా."

"నువ్వు చెబుతావని నేననుకున్నా," అన్నాడు రాయిస్.

"మీరు నాకు భయపడుతున్నారనుకున్నాను."

"భయపడే ఉన్నాంలే. అందుకేగా చెప్పలేదు."

వర్జిల్ ఇద్దరి మొహాలూ మళ్లీ చూశాడు. ఏడాదిపాటు ఆ రెండు మొహాల్లో పిరికితనం చదివాడు, అసూయ చదివాడు, తెలివితక్కువతనమైతే ప్రతివారం చదివాడు. అసలున్నది ఒక్కసారీ కనిపించలేదు. లేచి వెళ్లిపోదామనుకున్నాడు. వెళ్తే ఇంట్లో మాట్లాడే మనిషి లేదు.

"ముక్కలు పంచమ్మా," అన్నాడు మారిసోల్‌తో. "ఈసారి ఎవడైనా జాలిపడ్డాడో, వాడి జుట్టు వాడే కత్తిరించుకోవాలి."

ఇద్దరు మిత్రులూ ఏడాదిగా దాచుకున్న ఆకలంతా తీర్చుకున్నారు. వరసగా ఓడించారు. గెలుపంటే భయపడే రాయిస్ కుర్చీలోంచి లేచి బల్ల మీద దరువేశాడు. భార్య పోరు పడలేని ఓడెల్ కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు. ఇంత సంతోషంగా తనను ఓడించేవాళ్లు ఇన్నాళ్లు ఎలా ఓర్చుకున్నారో వర్జిల్‌కి అర్థం కాలేదు.

ఆట మధ్యలో ఫోను తీసి లబ్బాక్ ఆసామికి చేశాడు. "షాపు ఇవ్వడం లేదండీ... లేదండీ, ఎక్కువిచ్చినా ఇవ్వను."

"ఒరే, ఆగు! వాడింకా పెంచేలా ఉన్నాడు," అని గుసగుసలాడాడు రాయిస్.

"వాడి మనసులో ఏముందో నాకెలా తెలుస్తుందిరా?" అని వర్జిల్ ఫోను పెట్టేసి, తన ముక్కలు అందుకున్నాడు.