మా షెడ్డులో ఆక్సిజన్ సెన్సర్ పంచాయితీ

మా నాయనకూ నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. తిరుపతిలో ఆయనకు కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. నేను ఆటోమొబైల్ డిప్లొమా ముగించి వస్తే, వచ్చే బళ్ల నంబర్లు రాసుకోమని బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. బానెట్ కింద చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. ఆర్నెల్లు పళ్లు నూరుకుంటూ నంబర్లు రాశాను.

ఒకరోజు వడమాలపేట నుంచి ఒక మామిడి రైతు తన కారుతో మూడోసారి వచ్చాడు. స్టీరింగు ముందు ఇంజిన్ బొమ్మ దీపం మళ్లీ వెలుగుతోంది. మొదటిసారి స్కానర్ పెట్టి చూస్తే ఆక్సిజన్ సెన్సర్ సర్క్యూట్‌లో తేడా అని చూపించింది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి, పెట్రోలు ఎక్కువ పడుతోందో తక్కువ పడుతోందో ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పే చిన్న పరికరం అది. నాయన దాన్ని మార్చాడు. రెండు రోజులకే దీపం వెలిగింది. రెండోసారి ఇంకో కొత్తది వేశాడు. అప్పుడూ అంతే.

రైతు కారు దిగీ దిగగానే అందుకున్నాడు. "ఏందన్నా ఇది? రెండు సెన్సర్లు మారిస్తివి. బండి నిండా పెట్రోలు వాసన. ఈసారీ కాకుంటే సెప్పెయ్, వేరే షెడ్డు సూసుకుంటా."

నాయన మొహం మాడిపోయింది. ఆయన్ను అలా నిలదీసినవాళ్లు అంతవరకూ లేరు. "సరుకే సరింగా రాలేదప్పా. ఇంకోటి ఏస్తాలే" అన్నాడు.

నేనిక ఆగలేకపోయాను. "సెన్సర్ పోయిందని స్కానర్ సెప్పలేదు నాయనా. సర్క్యూట్ అనింది. వైరు గూడా సూడాల గదా?"

"అయితే నువ్వే సూడుమ్మే" అన్నాడు నాయన వెటకారంగా. "కనుక్కుంటే రేపట్నుంచి కరెంటు పనంతా నీదే. లేకుంటే నంబర్లు రాసుకో, మళ్లా ఈ మాట ఎత్తగూడదు."

సరే అన్నాను. ఓడిపోతే నా చదువంతా ఆ నంబర్ల పుస్తకంలోనే మూసుకుపోతుంది.

షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి స్కానర్‌లో చూస్తే సెన్సర్ శుభ్రంగా పనిచేస్తోంది. అంకెలు ఎలా పైకీ కిందికీ ఆడాలో అలాగే ఆడుతున్నాయి. అరగంట చూసినా తేడా లేదు. నాయన టీ తాగుతూ ఓరకంట చూస్తున్నాడు. ఆ చూపుకు ఒళ్లు మండింది. రైతునే అడిగాను, ఈ దీపం ఎక్కడ వెలుగుతోందని.

"మా ఊరి దారిలోనేమ్మా. నిలబడిన తావ రాదు."

"అయితే ఆ దారిలోనే తోలు మామా" అని స్కానర్ ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాను.

పుత్తూరు రోడ్డులో మొదటి స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరి పడగానే అంకె సున్నాకు పడిపోయింది. మరుక్షణం లేచింది. రెండో దాని మీదా అదే వరస. "ఇంకోటి ఎక్కించు మామా!" అని అరిచాను.

"తప్పించి తోలమంటారు గానీ, ఎక్కించమంటారా యాడన్నా!" అని ఆయన నవ్వుతూనే ఎక్కించాడు. మళ్లీ సున్నా. ప్రతి కుదుపుకూ పడిపోతోందంటే సెన్సర్ తప్పు కాదు, ఎక్కడో వైరు తగులుకుంటోంది. ఆనందంతో డాష్‌బోర్డు మీద దబదబా చరిచాను.

షెడ్డుకు వచ్చి, కారు కింద గుంతలోకి టార్చితో దిగాను. సెన్సర్‌కు వచ్చే బండి వైర్లకు నల్లదారం కట్టి ఉంది. దాని కొసన గుడ్డలో చుట్టిన పటిక గడ్డ వేలాడుతోంది. కారు కుదిపినప్పుడల్లా అది ఊగి, వైర్లను వేడి పొగగొట్టం మీదికి లాగుతోంది. తొడుగు కరిగిపోయి లోపలి రాగి తీగ బయటపడి, గొట్టానికి తగులుతోంది.

ఆ ముడి ఎవరు వేశారో నాకు తెలుసు. సర్వీసయిన ప్రతి బండికీ దిష్టి తగలకుండా నాయన పటిక కట్టి పంపుతాడు. మామూలుగా ముందు బంపరుకు కడతాడు. అంతకుముందు ఈ కారు సర్వీసుకు వచ్చినప్పుడు, కొత్త కారుకు అది బాగుండదని రైతు కొడుకు మూతి ముడిస్తే, కనబడకుండా లోపల దొరికిన వైర్లకే కట్టేశాడు. దీపం మొదలైంది ఆ వారమే. సెన్సర్లు మార్చిన రెండుసార్లూ పైనుంచే పని కానిచ్చాడు గనక అది ఆయన కంటబడలేదు.

ఎగిరి గంతేయాలనిపించింది. అంతలోనే భయం వేసింది. నాయన చేసిన పనిని గిరాకీ ముందు ఎలా బయటపెట్టడం? దారం తెంపకుండా పైకి వచ్చి, "ఒకసారి దిగి సూడు నాయనా" అని మాత్రం అన్నాను.

దిగాడు. చాలాసేపు పైకి రాలేదు. వచ్చాక, తెంపిన పటికను జేబులో వేసుకుని, సోల్డరింగ్ గన్ తెచ్చి నా చేతికిచ్చాడు.

తీగ అతికించి, కొత్త తొడుగు వేసి, వైర్లను పొగగొట్టానికి దూరంగా బిగించాను. మళ్లీ అదే రోడ్డులో వెళ్లాం. ఎన్ని స్పీడ్ బ్రేకర్లు ఎక్కినా అంకె పడలేదు. దీపం ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు.

తిరిగి రాగానే రైతు అడిగాడు. "ఇంతకీ తేడా ఏందన్నా?"

వైరు కాలిందని చెప్పేస్తే సరిపోయేది. నేనైతే అలాగే చెప్పి ఉండేదాన్ని. నాయన మాత్రం జేబులోంచి పటిక తీసి ఆయన ముందు పెట్టాడు.

"నేను కట్టిందేప్పా. తప్పు నాది. రెండు సెన్సర్లు ఊరికే మార్చినా. కనుక్కునింది మా బిడ్డ. ఇంక కరెంటు పనేదన్నా ఉంటే నన్నడగొద్దు, ఆయమ్మినే అడుగు."

"తప్పు నాది" అన్న మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. గిరాకీ ఉన్నాడని కూడా చూడకుండా, షెడ్డు మధ్యలో బావురుమని ఏడ్చేశాను.