ఆపరేటర్ సారు నోరు మూయించిన పెట్టె

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పోయినవాళ్ల గురించి రాయబోతే చెయ్యి తనంతట తానే పొగడ్తల్లోకి జారుతుంది. పొగడ్తంటే ఆపరేటర్ సారుకు గిట్టేది కాదు. పోయిన సోమవారం ఆయన భార్య ఫోన్ చేసి, "అన్నా, మా సారు పొద్దుగాల పోయిండు" అని చెప్పి పెట్టేసింది. ఫోన్లో ఆయనా అంతకన్నా ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

ఎల్బీ నగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆయన టెలిఫోన్ ఆపరేటరు. పుట్టుకతో చూపు లేదు. ఏ డాక్టరుది ఏ నంబరో, ఏ వార్డుది ఏదో అంతా తలలోనే ఉండేది.

నాది దిల్‌సుఖ్‌నగర్‌లో డీటీపీ షాపు. తెలంగాణ ఉద్యమం రోజులు. పొద్దున బంద్ కరపత్రాలు, సాయంత్రం కంప్యూటర్ కోచింగ్ కరపత్రాలు. రెండింటికీ ఒకే పసుపు కాగితం. ఒకసారి కట్టలు తారుమారై కోచింగ్ సెంటరు వాళ్లు రాస్తారోకోకి పిలుపిచ్చారు. అది వేరే కథ. ఖాళీ దొరికినప్పుడు పాత పుస్తకాలు కొనుక్కుని వెబ్ పేజీలు తయారుచేయడం నేర్చుకున్నాను. గురువు లేడు, అందుకే ధైర్యం ఎక్కువ.

ఆస్పత్రి కొత్త బిల్డింగులోకి మారింది. నంబర్లన్నీ మారాయి, ఇకముందూ మారుతూనే ఉంటాయన్నారు. కంప్యూటర్ తెర మీద, పేరులో రెండక్షరాలు కొడితే మిగతాది ఊహించి కింద జాబితా చూపే పెట్టె ఒకటి చేసిపెట్టమని మేనేజరు నన్నడిగాడు. చేశాను. చూడముచ్చటగా వచ్చింది. ఆపరేటర్ సారు ముందు పెట్టాం. తెర మీది రాతను చెవిలో చదివే సాఫ్ట్‌వేర్ ఆయన దగ్గర ఉండేది. రెండక్షరాలు కొట్టి, చెవి ఒగ్గి కూర్చున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏం కాలే అన్నా. గదే, ఏం కాలే."

జాబితా కళ్లకే కనిపిస్తోంది, చెవికి చేరడం లేదు. మేనేజరు ఆదివారం దాకా గడువిచ్చాడు. "ఈయన వాడలేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామండీ" అన్నాడు నాతో, ఆయనకు వినపడేలాగే.

రెండ్రోజులు తంటాలుపడి పెట్టెకి నోరిచ్చాను. ఇప్పుడది అక్షరం కొట్టినప్పుడల్లా జాబితా మొత్తం చదవడం మొదలుపెట్టింది. ఆయనకు ఒక చెవిలో పేషెంటు తాలూకు మనిషి, ఇంకో చెవిలో నా పెట్టె.

"అన్నా, ఇది నీ లెక్కనే తయారైంది," అన్నాడు. "అవతలోడు నోరు తెరవంగనే అందుకుంటది."

కోపం రాలేదని చెప్పను. పక్కన కూర్చుని ఆయన పని చూశాను. ఫోనెత్తి వెంటనే జవాబిచ్చేవాడు కాదు. "దవాఖానకు ఫోన్ చేసెటోడు పరేషాన్ల ఉంటడు. మొదటి మాట తప్పు చెప్తడు. రెండో మాట దాక ఆగాలె" అనేవాడు.

అప్పుడు తెలిసింది. వేళ్లు ఆగేదాకా పెట్టె నోరు మూసుకోవాలి. ఆగాక, ఎన్ని పేర్లున్నాయో ఒక్క ముక్క చెప్పాలి. పేర్లు మాత్రం ఆయన బాణం మీట నొక్కితేనే, ఒక్కొక్కటిగా. ఏ పేరునూ తనే ఎంచుకోకూడదు. ఇదంతా పుస్తకాల్లో ఉందట. ఆ పేజీలు దాటేసినట్టున్నాను. గురువు లేడన్న మాట అక్కడితో సరి.

ఆదివారం మేనేజరు వచ్చాడు. ఆయనకూ వినపడాలని స్పీకర్ పెట్టాం. ఫోన్ మోగింది.

"నర్సమ్మ కావాలె బిడ్డా," అంది ఒక ముసలామె.

సారు కొట్టి, ఆగాడు. పెట్టె "మూడు" అంది.

"ముగ్గురు నర్సమ్మలున్నరమ్మా. మీ ఆమె ఏం పని చేస్తది?"

"ఆయా పని. నా కోడలు. ఇంటికొస్తే చెప్త దాని సంగతి."

బాణం రెండుసార్లు నొక్కి, "నర్సమ్మ, ఆయా" అని విని, కలిపాడు.

"నేనూ చూస్తానుండండి," అని మేనేజరు ఆ కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఎవరో కాన్పుల వార్డు అడిగారు. మీటలు తడుముకుని, పేరు వినకుండానే మార్చురీకి కలిపాడు. కళ్లు తెరిచాడు.

"రేపు ఎన్నింటికి వస్తారండీ?" అన్నాడు సారుతో, కుర్చీలోంచి లేస్తూ.

"ఎనిమిదింటికి సార్. రేపు బంద్."

"పోనీ ఎల్లుండి రండి."

"బంద్ నాడే ఫోన్లెక్కువ సార్."

మర్నాడు బస్సుల్లేవు. భార్య భుజం మీద చెయ్యేసుకుని నాగోల్ నుంచి నడిచి వచ్చాడు. ఎనిమిదికి కుర్చీలో కూర్చున్నాడు. మొదటి ఫోన్ రాంగ్ నంబరు.