నవ్వుల డాక్టరమ్మ

ఫెలీసా సుమగైసై నవ్వు మీద డాక్టరేటు చేసింది. ఇలోయిలో తీరాన ఆమె పుట్టిన ఊరివాళ్లు ఆ మాట విని ముక్కున వేలేసుకున్నారు. జ్వరం తగ్గించలేని డాక్టరు ఏం డాక్టరన్నారు. కానీ ఆమె పట్టుకున్న సంగతి చిన్నదేమీ కాదు. నాయకుడు వేదికెక్కి ఎవరిని వెక్కిరిస్తే, అందరికన్నా ముందు వాళ్లే నవ్వుతారు. గూడు పోయినవాడు తన గూటి మీద వేసిన జోకుకే నవ్వుతాడు, పక్కవాడి ముఖాన్ని ఓరకంట చూస్తూ.

అలా ఎందుకు నవ్వుతారో ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఎగతాళికి ఉడుక్కున్నవాణ్ణి అక్కడ ‘పీకోన్’ అంటారు. పీకోన్ అయినవాడు ఓడినట్టే. ఆపైన వాడి మాటలో ఎంత న్యాయమున్నా ఎవరూ చెవిన పెట్టరు. అందుకే ఫెలీసా, జనం నవ్వారంటే ఒప్పుకున్నట్టు కాదు, ఆ నవ్వు చాటున తలదాచుకున్నారంతే అని పుస్తకం రాసింది. మనీలాలో పెద్దలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎదుటివాళ్ల నవ్వు గురించి ఎంతైనా రాయవచ్చు, పోయేదేముంది!

ఆమెను అంత చదువు చదివించింది తల్లి సబీనా ఎండుచేపల కొట్టు. సంతలోని ఆ కొట్ల వరస మీద మేయరు అర్గేల్యెస్ కన్ను పడింది. సముద్రం కనపడేలా హోటలు కట్టిస్తాడట. కూల్చే ముందు జనం మాట వినాలని చట్టం ఉంది కనుక బాస్కెట్‌బాల్ కోర్టులో సభ పెట్టించాడు.

“నువ్వే అడగాలే అమ్మాయ్,” అంది పక్క కొట్టు లూసింగ్ పిన్ని. “మేం నోరు తెరిస్తే ఆయన ఒక్క జోకు వేస్తాడు, మా పని అయిపోతుంది. నీకైతే ఆ కిటుకులన్నీ తెలుసు కదా.”

“అడుగుతా పిన్నీ. సంత తీసేస్తే వీళ్లకు చోటెక్కడ చూపిస్తావని ముఖం మీదే అడుగుతా.”

సబీనా సభ రోజున కొట్టు మూసి, చర్చికి వేసుకునే గౌను వేసుకుని ముందు వరసలో కూర్చుంది.

ఫెలీసా మైకు అందుకోగానే మేయరు చేతులు చాచి ఎదురొచ్చాడు.

“రా తల్లీ, రా! చూశారా, మన ఊళ్లో జ్వరానికి డాక్టరు లేడు గానీ నవ్వుకి ఉంది! నీ పుస్తకం చూశానమ్మా. అందులో ఉన్నదంతా నాకెప్పుడో తెలుసు, రాసే తీరికే లేకపోయింది.”

కోర్టంతా గొల్లుమంది.

“ఎండుచేపలు మేపి పెంచారు పాపం. పట్నంలో ఎంత సెంటు పూసుకొచ్చినా మన పిల్లులు మాత్రం ఇట్టే గుర్తుపడతాయి! అదిగో, వెనకాల ఒకటి లేచింది!”

లూసింగ్ పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. కొట్లవాళ్లందరూ నవ్వారు. సబీనా ఒక్కతే నవ్వలేదు. కూతురి ముఖంలోకి చూస్తూ ఆ ప్రశ్న కోసం కాచుకుని ఉంది.

“ఏం అవ్వా, కోపమొచ్చిందా? పీకోన్!” అన్నాడు మేయరు సబీనా వైపు తిరిగి.

“పీకోన్! పీకోన్!” అని అందుకుంది జనం.

ఫెలీసా ఆ తర్వాత ఏం జరుగుతుందో తన పుస్తకంలో తనే రాసింది. తెలిసి తెలిసీ ఆమె నవ్వింది. మైకు చేతిలోనే ఉంది కాబట్టి ఆ నవ్వు అందరికన్నా గట్టిగా వినపడింది. మేయరు ఆమె భుజం తట్టి మైకు తీసేసుకున్నాడు. ఆ ప్రశ్న మళ్లీ ఎవరూ అడగలేదు.

కొట్లు కూల్చేటప్పుడు అడ్డుపడ్డవాళ్లతో మేయరు మనుషులు ఒకటే మాట అన్నారు: “సభలో ఒక్కరైనా వద్దన్నారా? అందరూ నవ్వుకుంటూనే వెళ్లారు కదా! మీ డాక్టరమ్మ కూడా నవ్వింది.” నవ్వు నాలుగు విధాల చేటన్నారు. ఆ ఊరికి ఒక్క విధమే సరిపోయింది.

సబీనా ఇప్పుడు రోడ్డు పక్కన తట్టలో చేపలు పెట్టుకుని అమ్ముతోంది. ఫెలీసా ఆమె పక్కన చతికిలపడింది.

“అమ్మా, అది నిజం నవ్వు కాదే. భయంతో వచ్చింది. నీకు తెలీదా?”

సబీనా చేపల మీద ఈగలు తోలుతూ తలెత్తలేదు.

“నాకెందుకు తెలీదే, కన్నదాన్ని. కూల్చినవాడికి మాత్రం నవ్వులాగే వినపడింది.”