చర్చి మరుగుదొడ్డి తాళం

నేను ఉపవాసం ఉంటున్నానని మా సంఘమంతా అనుకుంది. ఉపవాసమూ లేదు, నా మొహమూ లేదు. ఆదివారం రెండున్నర గంటల ఆరాధనలో చీర పాడవకుండా కూర్చోవాలని శనివారం మధ్యాహ్నం నుంచే కడుపు మాడ్చుకునేదాన్ని, అంతే.

పురీషనాళంలో క్యాన్సర్ వస్తే విశాఖపట్నంలో ఆ భాగం కోసి తీసేశారు. కొన్ని నెలలు పొట్టకి మలం పట్టే సంచీ తగిలించుకుని తిరిగాను. అది తీసి పేగు మళ్లీ కలిపాక ఇక మామూలు మనిషినైపోయాననుకున్నాను. ఏం మామూలు! రోజుకి పన్నెండు సార్లు, పదిహేను సార్లు. వెళ్లొచ్చి కుచ్చిళ్లు సర్దుకునేలోపే మళ్లీ. వచ్చేది గాలో మరొకటో తెలిసి చావదు. వచ్చిందంటే రెండు నిమిషాలు కూడా ఆగదు. "నిలవ ఉండే చోటే తీసేశాం కదమ్మా, సర్దుకోడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది" అన్నారు డాక్టరుగారు. మాత్రలిచ్చారు, డైపర్ వేసుకోమన్నారు. నేను పాఠాలు చెప్పే బడిలో హెడ్మాస్టరు కనీసం మరుగుదొడ్డి పక్క గది నా తరగతికి ఇచ్చారు.

గజపతినగరం దగ్గరున్న మా చర్చికి మరుగుదొడ్డి లేక కాదు. టైల్స్ వేసిన గది ఉంది. దానికి తాళం. బయటి ఊళ్ల నుంచి పెద్ద పాస్టర్లు వస్తేనే తీస్తారు. తాళం చెవి సంఘం సెక్రటరీగారి దగ్గర. సిగ్గు చంపుకుని ఒకసారి అడిగాను.

"అందరూ ఎల్తే పాడైపోద్దమ్మా. ఒక్కరూ నీళ్లు పొయ్యరు. మీ ఇల్లు దగ్గరే కదా" అన్నాడు.

మా ఇల్లు ఆటోలో పది నిమిషాలు. నా చేతిలో ఉన్నవి రెండు. ఇరవై ఏళ్లపాటు ముందు వరసలో పాటలు పాడినదాన్ని, తలుపు పక్కన ఆఖరి బల్ల మీదకి పోయాను.

ఒక ఆదివారం మా పాస్టరు అయ్యగారు ప్రసంగం మధ్యలో నన్ను చూపించి, "మన సిస్టర్‌ని చూసి నేర్చుకోండి. వారం వారం ఉపవాసం!" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అందరికంటే ఎక్కువగా నా మీదే మండింది, తల వంచుకుని ఆ పొగడ్త తీసుకున్నాను మరి. భక్తురాలిననిపించుకోవడం తేలిక. దొడ్డికి ఆగదని చెప్పుకోవడమే చావు.

తర్వాత కృతజ్ఞతా కూడికలో, దేవుడు నాకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. ముందురోజే మా పెద్దాడపడుచు ఇంటికొచ్చి కూర్చుంది.

"సంపూర్ణ స్వస్థత అని సెప్పేసి కూసో. దొడ్డీ గిడ్డీ అన్నావంటే నలుగుర్లో తలెత్తుకోలేం."

"అది నిజం కాదు వదినా."

"నిజం దేవుడికి తెలుసు కదే. మనుసులకి ఎందుకు?"

మర్నాడు మైకు పట్టుకున్నాను. "నా క్యాన్సర్ పోయింది, దేవునికి స్తోత్రం" అన్నాను. హల్లెలూయా అన్నారు. "కానీ నేను ఉపవాసం ఉండటం లేదు. తింటే దొడ్డికి వస్తుంది. వస్తే ఆగదు. ఇక్కడేమో తాళం. అందుకే తినటం లేదు."

అంతలో, పస్తున్నా సరే, పొట్టలో మెలిపెట్టింది. మైకు వదిలేసి సెక్రటరీగారి ముందుకెళ్లి చెయ్యి చాపాను.

"తాళం చెవి ఇవ్వండి."

"ఇంటికాడ ఉండిపోనాదమ్మా" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

పరిగెత్తాను. తాళం ఉందని తెలిసీ అక్కడికే. ఆ తలుపు ముందే అయిపోయింది. డైపర్ ఆపలేదు, చీర అంచు దాకా వచ్చేసింది. లోపల పాట మొదలెట్టారు, కావాలని గట్టిగా. నేను ఆ తలుపుని తన్నాను. యాభై ఏళ్ల పంతులమ్మనై ఉండీ, వెక్కి వెక్కి ఏడుస్తూ తన్నాను.

వెనకాల వదిన వచ్చింది. ఇప్పుడు నా పరువు తీశావంటుందనుకున్నాను. నన్ను చూసింది, తలుపుని చూసింది. గోడ పక్కనున్న ఇటుక తీసుకుంది. "పక్కకి తప్పుకో" అంది. నాలుగు దెబ్బలకి తాళంతో సహా గొళ్లెం ఊడిపోయింది.

"ఓలమ్మో, ఎన్నాళ్ల నుంచి పడతన్నావే ఇలాగ!" అంటూ బకెట్టుతో నీళ్లు పోసి నన్ను తనే కడిగింది. నేను ఎప్పుడూ వెంట ఉంచుకునే జత బట్టల సంచీ బల్ల మీంచి తెచ్చిచ్చింది.

"ఇంటికెల్దుమా?"

"వెళ్లను."

ఇద్దరం లోపలికొచ్చాం. పాట ఆగింది. "కూర్చోండి సిస్టర్, సాక్ష్యం బాగుంది" అన్నారు అయ్యగారు.

"ఇంకా అవలేదండీ" అని మైకు తీసుకున్నాను. వదిన దాన్ని నా చేతిలోంచి లాక్కుంది.

"ఆ తాళం నేనే పగలగొట్టినాను. మళ్లీ ఏసినారంటే మళ్లీ పగలగొడతాను. ఇటుక అక్కడే ఉన్నాది."