ఒక్క దెబ్బా లేని సీజన్

కౌలాలంపూర్‌లో మా ఫ్లాట్ వెనక ఒక బడి మైదానం ఉంది. వాన వెలిసిన సాయంత్రాల్లో అక్కడ ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడతారు. నిన్న బ్యాటుకి బంతి తగిలిన ‘ఠంగు’మనే చప్పుడు వంటింట్లోకి వినబడింది. కూర కలుపుతున్న గరిటె చేతిలోనే ఉండిపోయింది. బేస్‌బాల్‌కి చెల్లెలులాంటి ఈ ఆట నేను వదిలేసి ఇరవై ఏళ్లు దాటింది. అయినా ఆ చప్పుడు వింటే అప్పలసామి చిక్గు నన్ను నిలువునా నిర్ఘాంతపరిచిన మధ్యాహ్నమే గుర్తొస్తుంది. ఇక్కడి బడుల్లో టీచర్ని చిక్గు అంటాం.

ఆయన కొబ్బరితోటల ఊరు బాగన్ దాతుక్‌లో, మా బడిలో సైన్సు చెప్పేవారు. మెడలో తువ్వాలు, బుగ్గన ఎప్పుడూ ఒక ఉప్పు రేగుపండు. ఆడపిల్లల జట్టు ఆయనదే. అందులో అందరికన్నా పొట్టిదాన్ని నేను. అలాంటిది, ఆ ఏడు మొదటి మ్యాచ్‌లోనే బ్యాటిచ్చి నన్ను అందరికంటే ముందు పంపారు.

“చిక్గు, నాకు కొట్టడం రాదు.”

“కొట్టమని నిన్నెవులన్నారే? నిలబడు లా. వంకర బంతి వస్తే ఒగ్గీ. అంతే.” మాట చివర ‘లా’ తగిలించడం ఇక్కడివాళ్ల అలవాటు.

ఆటలో కిటుకు అదే. బంతిని బ్యాటు పట్టినవాళ్ల చంకలకీ మోకాళ్లకీ మధ్యగా వెయ్యాలి. నాలుగుసార్లు గురి తప్పితే, బ్యాటు ఊపకుండానే ఒక పరుగుకి చుట్టి రావాల్సిన నాలుగు బేస్‌లలో మొదటిదానికి దర్జాగా నడిచిపోవచ్చు. నా చంకలకీ మోకాళ్లకీ మధ్య ఉన్న జాగా ఎంతని! ఎంత గురిగల పిల్లకైనా అక్కడ బంతి వెయ్యడం గగనమయ్యేది.

తప్పు బంతి పడ్డప్పుడల్లా చిక్గు పక్కనుంచి కేకేసి లెక్కపెట్టేవారు. “లాభం! రెండు! మూడు!” కొబ్బరికాయలు లెక్కపెట్టేటప్పుడు మా తెలుగువాళ్లు ‘ఒకటి’ అనరు, లాభం అనే మొదలుపెడతారు. తెలుగు ముక్క రాని మలయ్, చైనీస్ పిల్లలు కూడా గొంతు చించుకుని “లాభం” అని అరిచేవారు. ఒకసారి ఎదుటి జట్టు టీచరు అది దొంగ సైగ అని గొడవ చేసింది. చిక్గు కొబ్బరికాయల సంగతంతా మలయ్‌లో పూసగుచ్చినట్టు చెబితే, అంపైరు బుర్ర గోక్కుని ఆడుకోమన్నాడు.

సీజన్ చివరికొచ్చేసరికి మా లెక్కలు చూసి జిల్లాలో బళ్లన్నీ నోరు వెళ్లబెట్టాయి. అన్ని జట్లలోకీ తక్కువ దెబ్బలు కొట్టింది మేమే. ఫైనల్‌కి వచ్చిందీ మేమే. ఇంకా విడ్డూరం, ఒక్క దెబ్బ కూడా కొట్టని నేను, నడిచి బేస్ ఎక్కి, వెనకవాళ్లు కొట్టినప్పుడు చుట్టొచ్చి, జట్టులో అందరికన్నా ఎక్కువ పరుగులు తెచ్చాను. చిక్గు ఆ మాట చెప్పినప్పుడు హాస్యమాడుతున్నారనుకున్నాను.

మా నాన్నకి మాత్రం తల కొట్టేసినట్టయింది. తోటలో కొబ్బరికాయలు ఒలిచే మనిషి ఆయన. కాఫీ కొట్లో ఎవరో, నీ కూతుర్ని గుంజలాగ పాతేస్తన్నారంట కదా అని నవ్వారట. ఇంటికొచ్చి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

“నిలబడ్డానికి ఆట ఏటికే? ఈ ఫైనలు ఆకరి. మరెల్లొద్దు.”

నేను ఏడుస్తూ చిక్గుతో చెప్పాను. నాకు ఆ మైదానం తప్ప ఇంకేదీ అంత ఇష్టముండేది కాదు. ఆయన ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి, “అన్నా, ఓ పాలి వచ్చి సూడండి. తరవాత మీ ఇష్టం” అన్నారు. ఫైనల్ రోజు నాన్న మోటారు సైకిలు మీద వచ్చి కంచె పక్కన నిలబడ్డాడు.

ఆఖరి వంతు. రెండు జట్లూ సమానం. మావాళ్లిద్దరు అప్పటికే ఔటయ్యారు, మూడు బేస్‌ల మీదా మా పిల్లలే ఉన్నారు. నేను ఊరికే నడిచినా అందరూ ఒక్కో బేస్ ముందుకు జరిగి, ఒక పరుగు వచ్చి గెలిచేస్తాం. లాభం. రెండు. మూడు. ఇంకొక్కటి వదిలితే చాలు. మావాళ్లు అప్పుడే గెంతుతున్నారు.

“ఇగ కొట్టమ్మా!”

నా చెవుల్ని నేను నమ్మలేదు. తిరిగి చూశాను. చిక్గు తువ్వాలు గుప్పిట్లో బిగించి ఉన్నారు. “నిన్నే! కొట్టు!”

మతిపోయినట్టు బ్యాటు ఊపాను. ఠంగుమంది! అరచేతులు మండిపోయాయి. బంతి అంతెత్తు లేచింది. తర్వాత అది దూరాన ఒక పిల్ల చేతిలో పడింది. ఔట్. ముగ్గురు ఔటవడంతో మా వంతు అయిపోయింది; తర్వాతి అదనపు వంతులో వాళ్లు గెలిచేశారు.

మా పిల్లలు కొయ్యబారిపోయారు. ఒకరిద్దరు చిక్గు ముఖం కూడా చూడలేదు. నాకు దుఃఖం, కోపం ముంచుకొచ్చాయి.

“గెలిచేవాళ్లం కదా! ఎందుకు కొట్టమన్నారు?”

ఆయన కంచె పక్కనున్న నాన్న వైపు చూశారు. “గెలుపు వచ్చే ఏడైనా వస్తాది లా. నువ్వు రావాల కదా.”

నాన్న నన్ను మోటారు సైకిలు వెనక ఎక్కించుకున్నాడు. ఇల్లు దగ్గరపడ్డాక వెనక్కి తిరక్కుండానే, “గట్టిగా కొట్టినావే” అన్నాడు. ఆట మానమని మళ్లీ ఎప్పుడూ అనలేదు.

మరుసటి ఏడు మొదటి మ్యాచ్‌లోనే నా దెబ్బకి బంతి గడ్డిమీద దూసుకుపోయింది. పరుగెత్తుతూ, చిక్గు నిలబడే పక్కకి చూశాను. అక్కడ వేరే టీచరు ఉన్నారు. చేతికొచ్చిన ఫైనల్ పోగొట్టాడని బడివాళ్లు చిక్గుని జట్టు నుంచి తప్పించారు. ఆయన ఎవరికీ కారణం చెప్పుకోలేదు. మా అందరి గెలుపుని నా ఒక్కదానికోసం ఇచ్చెయ్యడం న్యాయమేనా అంటే నాకిప్పటికీ తెలియదు. కానీ ఏ మంచి జరిగినా, ముందు ఆయన్ని వెతుక్కుంటూ పక్కకే చూస్తాను.