మాస్టులు కోసింది ఎవరు?

2023. దోహాలో స్కేల్ మోడళ్లు చేసే వర్క్‌షాప్‌లో పనిచేసేదాన్ని. డ్రాయింగులు నావి, చెక్కపని జగిత్యాల నుంచి వచ్చిన యాదగిరి అన్నది. ఎప్పుడూ పక్కనున్న లుసైల్ నగరంలోని టవర్ల నమూనాలే చేసే మాకు, నేవీలో రిటైరైన ఒక ఖతరీ కెప్టెన్ రెండొందల ఏళ్ల నాటి మూడు మాస్టుల యుద్ధనౌక కావాలన్నారు. మాస్టులంటే తెరచాపలు కట్టే నిలువు కొయ్యలు.

ఆ కొయ్యల్ని పట్టి నిలిపే తాళ్ల అల్లికే రిగ్గింగ్. యాదగిరి అన్న నాలుగు నెలలు ట్వీజర్లతో దారాలు ముడివేశాడు. ఒక్కో ముడి ఆవగింజంత.

ఒక శనివారం పొద్దున నేను వెళ్లేసరికి ఆయన ఓడ ముందు నేలమీద కూర్చుని ఉన్నాడు. మూడు మాస్టుల కొసలూ కోసేసి ఉన్నాయి. పట్టు తప్పిన దారాలు డెక్ మీద వేలాడుతున్నాయి. ఓడ మీద మూతగా పెట్టడానికి శుక్రవారం సెలవునాడు వచ్చిన గాజు పెట్టె రెండంగుళాలు పొట్టిగా ఉందట. పీఠం ఎత్తు కలపకుండా ఆర్డరిచ్చింది మేనేజర్ మాధవ్ గారు. రంపం పట్టిందీ ఆయనే.

"పైన ఎవడు చూస్తాడమ్మా? ఎల్లుండి డెలివరీ. దారాలు జిగురుతో అతికించెయ్యండి," అన్నారు టీ తాగుతూ.

సోమవారం ఓడను ఇంటికి తీసుకెళ్తే, కెప్టెన్ ఒక్క చూపులో పట్టేశారు. "మాస్టుల పైభాగాలేవి?"

మాధవ్ గారు యాదగిరి అన్న భుజం మీద చెయ్యి వేసి, అరబీలో, "మా కార్పెంటర్ కొలత తప్పాడు" అన్నారు. అరబీ రాని యాదగిరి అన్న, తనను మెచ్చుకుంటున్నారనుకుని నవ్వుతూ సలాం పెట్టాడు.

అరబీ అర్థమయ్యే నాకు ఒళ్లు మండిపోయింది. "అబద్ధం సర్," అన్నాను ఇంగ్లీషులో. "పెట్టె కొలత ఇచ్చింది మా మేనేజరే. మాస్టులు కోసిందీ ఈయనే."

కెప్టెన్ ఓడను వెనక్కి పంపారు. చేసినవాడే బాగుచెయ్యాలని షరతు పెట్టారు. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో సంగతంతా చెబితే యాదగిరి అన్న నా మీదే విరుచుకుపడ్డాడు.

"నన్ను అడగకుంట ఎందుకు జెప్పినవ్ మేడం? నా వీసా ఆయన చేతిలున్నది. ఇంటికి తోలిస్తే?"

మళ్లీ ఆయనే అడిగాడు.

"నా భుజం మీద చెయ్యేసే జెప్పిండా?"

"అవునన్నా."

ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఆయన్ను పంపలేదు, కెప్టెన్ షరతు కాపాడింది. ఐదు వారాల్లో మాస్టులు మళ్లీ లేచాయి. నన్ను మాత్రం కస్టమర్ల ముందుకు రానివ్వలేదు. ఏడాదికి వేరే వర్క్‌షాప్‌కు మారాను.

మనిషి పని గురించి అతని ముందు ఎవరు ఏ భాషలో మాట్లాడినా, ముందు అతనికి అతని భాషలో చెప్పాలి. ఏం జవాబివ్వాలో అతనే తేల్చుకోవాలి. నేను నేర్చుకున్నది అదే, ఇప్పుడు చేస్తున్నదీ అదే. మాధవ్ గారి మీద కోపం తగ్గిందా అంటే, లేదు. తగ్గించుకోవాలనీ లేదు.